జోడీ కోలుకునేంతవరకు

తేలూరు 63వ ఏడు, రోజు 118

సభ్యులంతా దినచర్య రాయాలి, ఓటర్లు ఎప్పుడు కావాలంటే అప్పుడు చదువుకోవచ్చు. ఇది నియమం. నా దినచర్య చదివేది మా మూడో వరుస ఆడవాళ్ళు. సభ విషయాలున్న పేజీలు తిప్పేసి, నేనేం తిన్నానో వెతుక్కుంటారు. సరే, చూసుకోండి: పొద్దున నాచు రొట్టె, రెండు ఎండు నెత్తళ్ళు. మధ్యాహ్నం ఏమీ లేదు, కోపంతో కడుపు నిండింది.

సభలో ఇవాళ మళ్ళీ పద్నాలుగు, పద్నాలుగు. మూడేళ్ళలో ఇది నలభై ఒకటోసారి. మా పక్షానికి గంభీరమైన పేరొకటి ఉంది కానీ జనం మమ్మల్ని మరవాళ్ళనే అంటారు. సముద్రం లోతులో మర దించి, ఉప్పునీళ్ళని మనమే మంచినీళ్ళు చేసుకోవాలన్నది మా మాట. అవతలివాళ్ళు గొట్టంవాళ్ళు. ఒడ్డు నుంచి గొట్టం వేసి నీళ్ళు తెచ్చుకోవాలంటారు. రెండూ ఒకేసారి కుదరవు. సముద్రం అడుగున పనిచేయగలవాళ్ళు తేలూరు ఏడు వరుసల తెప్పల మీదా కలిపి అరవై మందే ఉన్నారు. గొట్టానికి ఐదు నెలలు చాలు, మరకి రెండున్నరేళ్ళు పడుతుంది. ఈలోగా అన్ని వరుసల్లోనూ, ఇప్పుడు తాగే నీళ్ళని వడకట్టే ఉప్పు జల్లెడలు అరిగిపోతున్నాయి. అందరికంటే ముందు అరుగుతున్నవి మావే.

గొట్టంవాళ్ళలో మట్టపర్తి నాగన్న గారని ఒక పెద్దాయన. డెబ్బై ఒక్కేళ్ళు. సభలోకి రాకముందు నలభై ఏళ్ళు జల్లెడలు కడిగే పని చేశాడు. మూడో వరుస నీళ్ళు ఇంక మనుషులు తాగేవి కావని ఇవాళ లేచి అన్నాడు. మూడో వరుసకి సభ్యురాలిని నేను. నా జనం గురించి నాకే చెప్తాడా అని ఒళ్ళు మండింది. మేం రోజూ తాగుతున్నాం, బతికే ఉన్నాం, మొదటి వరుసలో కూర్చుని మా దాహం గురించి మీరు ఏడవక్కర్లేదు, పది రోజులు మా దగ్గరికొచ్చి మా నీళ్ళు తాగి అప్పుడు మాట్లాడండి అన్నాను. మావాళ్ళు బల్లలు చరిచారు.

ఆయన కళ్ళజోడు తుడుచుకుని, "అలాగేనమ్మా, వస్తాను" అన్నాడు.

రోజు 120

నిజంగానే వచ్చాడు. ఒక చాప, ఒక గ్లాసు, రెండు పంచెలు. మా బడి తెప్ప వసారాలో మకాం పెట్టాడు. జోడీ అయినందుకు నాకు తలనొప్పి.

జోడీ అంటే తేలూరులో అందరికీ తెలుసు కానీ, ఏ ఒడ్డువాళ్ళయినా ఇది చదివితే అర్థం కావాలి కదా. సభలో ప్రతి మరసభ్యుడికీ ఒక గొట్టంసభ్యుడు జోడీ. ఒకరికి ఒంట్లో బాగాలేక రాలేకపోతే రెండోవాళ్ళు కూడా ఓటు వేయకూడదు. లెక్క ఎప్పుడూ సమానంగా ఉండాలన్నమాట. ఇరవై ఏళ్ళ కిందట ఒకాయన జ్వరమని పడుకుని, జోడీ ఇంటికి వెళ్ళిపోయాక వెనక వాకిలి గుండా వచ్చి ఓటేసి పోయాడు. అప్పటినుంచి నియమం ఇంకా బిగించారు. జోడీ మంచాన పడితే రెండోవాళ్ళు పది మూరల లోపే ఉండాలి. చేతికున్న పట్టీలు రెండూ ఒకదాన్నొకటి కనిపెట్టుకుని ఉంటాయి. దూరం జరిగితే కీచుమంటాయి. ఇంత నమ్మకం మీద మా ప్రజాస్వామ్యం నడుస్తోంది.

నాకు జోడీ నాగన్న గారు. ఆరేళ్ళుగా. ఈ ఆరేళ్ళలో ఆయనతో సభ బయట మాట్లాడింది మొత్తం పది మాటలుండవు.

రోజు 127

ఏడు రోజులైంది. మా నీళ్ళే తాగుతున్నాడు, మా నీళ్ళతోనే గంజి కాచుకుంటున్నాడు. మా ఆడవాళ్ళు రోజుకొకరు కూర పంపిస్తున్నారు. ఆయన వాళ్ళ ఇళ్ళకి వెళ్ళి జల్లెడ పలకలు విప్పించి, వెలుతురులో పెట్టి చిల్లులు చూపిస్తున్నాడట. నా వీధిలో నా ఓటర్లకి నా జోడీ పాఠాలు చెప్పడం నాకేం బాగాలేదు. ఇవాళ వెళ్ళి, పది రోజులన్నది మాటవరసకి అన్నాను, ఇంక వెళ్ళండి అన్నాను. మాటవరసకి అన్నా సభలో అన్నది రికార్డులో ఉంటుందన్నాడు.

ముఖం కొంచెం ఉబ్బినట్టుంది. ఎండ అనుకున్నాను.

రోజు 129

పదో రోజు పొద్దున పడిపోయాడు. గ్లాసు చేతిలో ఉండగానే.

నేను సభలో ఉన్నాను. నా కుర్చీ ముందున్న ఓటు దీపం ఆరిపోయింది, పట్టీ కీచుమంది. సభ మొత్తం నా వైపు చూసింది. జోడీల దస్త్రం చూసే కేదారి వచ్చి, పడవ సిద్ధంగా ఉందండి, ఆసుపత్రి తెప్పకి వెళ్ళాలి అన్నాడు.

రోజు 130

ఆసుపత్రి. డాక్టర్ జైబున్నీసా నన్ను గుమ్మం దగ్గరికి పిలిచింది. ఆయనకి మూత్రపిండాలు రెండేళ్ళుగా బాగాలేవట. ఉప్పు తగలకూడదని తనే గట్టిగా చెప్పిందట. మామూలు ఆరోగ్యంతో ఉన్నవాళ్ళకి మా నీళ్ళు నెమ్మదిగా చెరుపు చేస్తాయి. ఆయనకి పది రోజులు చాలాయి. ఈ ఏడాది మీ మూడో వరుస నుంచే ఇలాంటివాళ్ళు ముప్ఫై మంది వచ్చారు, మీకు తెలుసా అని అడిగింది. కొందరొచ్చారని తెలుసు. ముప్ఫై అని తెలియదు. తెలుసుకోలేదు అనడం నిజం.

మంచం దగ్గరికి తిరిగొచ్చి ఆయన మీద విరుచుకుపడ్డాను. తెలిసి తెలిసి ఎందుకు తాగారు, నన్ను హంతకురాలిని చేద్దామనా అన్నాను.

"అంత లేదమ్మా," అన్నాడు. "కాళ్ళు కాస్త వాస్తాయి, నీకు సూపించి ఎల్లిపోదారనుకున్నాను. అంచనా తప్పింది. నలభై ఏళ్ళు జల్లెడలు సూశాను గానీ, నా ఒళ్ళు ఎప్పుడూ విప్పి సూసుకోలేదు."

నవ్వొచ్చింది. ఆరేళ్ళలో ఆయన మాటకి నవ్వడం ఇదే మొదలు. సిగ్గేసి కిటికీ వైపు తిరిగాను.

రోజు 131

ఇక్కడి బతుకు రాస్తాను, మా ఆడవాళ్ళకి ఇదే కావాలి. ఆసుపత్రిలో పాయిఖానా మంచానికి పదకొండు మూరల దూరంలో ఉంది. వెళ్ళిన ప్రతిసారీ పట్టీ కీచుమని, అవతల వరుసలో ఉన్న కేదారికి కబురు పోతుంది. సభా గౌరవం ఇలా కాపాడబడుతోంది. నాగన్న గారి కూతురు సుభాషిణి పొద్దున, సాయంత్రం వస్తుంది. నాకు కూడా గంజి తెస్తుంది, నా ముఖం మాత్రం చూడదు. ఆ పిల్ల స్థానంలో నేనుంటే గంజి నెత్తిన పోసేదాన్ని.

మధ్యాహ్నం ఏం తోచక వాదించుకున్నాం. సభలో మూడేళ్ళు వాదించిన మాటలే. కానీ ఇక్కడ చప్పట్లు కొట్టేవాళ్ళు లేరు. చప్పట్లు లేకపోతే మా ప్రసంగాలు ఎంత పొట్టిగా ఉంటాయో ఇవాళే తెలిసింది. పావుగంటలో ఇద్దరికీ మాటలైపోయాయి.

రోజు 132

ఇవాళ్టి మాటలు పొల్లు పోకుండా రాయాలి.

ఆయన అడిగాడు: "గొట్టం అంటే నీకు భయం దేనికి? మీ పక్షానిది కాదు. నీది సెప్పు."

చెప్పాను. మా అమ్మమ్మవాళ్ళు తేలూరుకి రాకముందు తుఫానులో తెప్ప వేసుకుని ఒడ్డుకి వెళ్ళారు. ఒడ్డువాళ్ళు రానివ్వలేదు. చోటు లేదని కంచె దగ్గరే ఆపేశారు. ఆ రోజు తెప్ప మీద పదహారు మంది ఉంటే, తెల్లారేసరికి మా అమ్మ, అమ్మమ్మ మిగిలారు. మా అమ్మకి అప్పుడు మూడేళ్ళు. ఆ ఒడ్డు చేతిలో నా పిల్లల నీళ్ళు పెట్టనని నేను చిన్నప్పుడే అనుకున్నాను.

ఆయన నా వైపు ఒత్తిగిలాడు. "ఇది సభలో ఎప్పుడూ సెప్పలేదే" అన్నాడు.

"మీరెప్పుడైనా అడిగారా?"

"లేదు," అన్నాడు. "నీకు మొండితనం అనుకున్నాను."

నేనూ ఒప్పుకున్నాను. ఆయన ఒడ్డు మనిషని, ముసలితనంలో అక్కడ గది ఇస్తామన్నారని మావాళ్ళు చెప్పుకునేవారు, నేనూ నమ్మాను. అది విని ఎంత నవ్వాడంటే డాక్టరమ్మ వచ్చి నన్ను కేకలేసింది.

తర్వాత, ఇద్దరం ఒప్పుకునే మాటలు రాసుకుందామని పలక అడిగాడు. నాచు కాగితం ఆసుపత్రి చెమ్మకి ఊరికే కరిగిపోతుంది. మంచానికి వేలాడే జ్వరం పలకని తిప్పి, వెనక వైపు రాయడం మొదలుపెట్టాను.

రోజు 134

రెండు రోజులు కొట్లాడి నాలుగు మాటలు రాశాం. తుడిచినవి నలభై.

అరవై మందీ ముందు గొట్టం పనికే వెళ్ళాలి, మూడో వరుసకి ఐదు నెలల్లో నీళ్ళు రావాలి. ఇది నేను ఒప్పుకున్నది. ఒప్పుకోవడానికి ఒక పూటంతా పట్టింది. ఒడ్డువాళ్ళు గొట్టం మూసేసినా ఆరు నెలలు ఆగేలా నీళ్ళ తొట్లు కట్టాలి. గొట్టం అతికిన మర్నాడే అరవై మందీ మర పనికి దిగాలి. ఇవి రెండూ ఆయన ఒప్పుకున్నవి. నాలుగోది ఆయనే చెప్పాడు: మర మంచినీళ్ళు ఇచ్చిన రోజున గొట్టం పీకెయ్యాలి.

నేను రాయలేదు. అది ఆయన జీవితమంతా అడిగిన గొట్టం. పీకెయ్యాలని చట్టంలో రాస్తే మీవాళ్ళు మిమ్మల్ని బతకనివ్వరు అన్నాను.

"గొట్టం మీద నాకు ప్రేమేంటమ్మా? నాకు కావలసింది నీళ్ళు. రాయి."

రాశాను. ఆయన కింద సంతకం పెట్టాడు, చెయ్యి వణికింది. నేనూ పెట్టాను. జోడీలోని ఇద్దరూ కలిసి ప్రవేశపెట్టే బిల్లు కేదారి ఎదుట ముద్ర కాగితం మీద సంతకం అయితేనే సభకి వెళ్తుంది. కేదారి రేపు మధ్యాహ్నం వస్తానన్నాడు.

పడుకోబోతూ, "బాబాయ్, మంచినీళ్ళు కావాలా" అని అడిగాను. నోటివెంట ఎలా వచ్చిందో వచ్చింది. ఆయన విననట్టే ఊరుకున్నాడు, కానీ విన్నాడు.

రోజు 135

నాగన్న గారు పొద్దున పదిన్నరకి పోయారు. కేదారి రాకముందే. సుభాషిణి ఒక చెయ్యి, నేను ఒక చెయ్యి పట్టుకున్నాం.

తిన్నది ఏమీ లేదు.

రోజు 135, సాయంత్రం

మధ్యాహ్నం కేదారి ముద్ర కాగితంతో వచ్చి, మంచం చూసి, కాగితం మడిచి సంచిలో పెట్టేశాడు. వెనకే మా నాయకుడు పద్మనాభం గారు వచ్చారు. సుభాషిణికి దండం పెట్టి, నాలుగు మంచి మాటలు చెప్పి, నన్ను పక్కకి పిలిచారు.

ఆయన చెడ్డవాడు కాదు. నన్ను రాజకీయాల్లోకి తెచ్చింది ఆయనే. మర మీద ఆయనకున్నది నిజమైన నమ్మకం. మెల్లగా, బాధగానే చెప్పారు: ఇప్పుడు గొట్టంవాళ్ళు పదమూడు, మనం పద్నాలుగు. ఖాళీ నింపే ఎన్నిక నలభై రోజుల తర్వాత. రేపు సభ పెడితే మర బిల్లు నెగ్గుతుంది. మూడేళ్ళుగా ఎదురుచూసింది ఒక్క ఓటు కోసమే కదా రత్నం అన్నారు.

ఇక్కడ అబద్ధం రాయను. నా మనసు ఒక్క క్షణం ఎగిరింది. ఇంకా చల్లబడని చెయ్యి వదిలి వచ్చిన దాన్ని, గెలిచాం అనుకున్నాను. ఆ తర్వాత నా మీద నాకు కలిగిన అసహ్యం ఇప్పటికీ పోలేదు.

కేదారి నియమాల పుస్తకం తెరిచి నిలబడ్డాడు. 

"అమ్మగారూ, జోడీ కోలుకుని సభకి వచ్చేంతవరకు రెండోవారు పక్కనే ఉండాలి, ఓటు వేయరాదు అని రాసుందండి. చావు గురించి లేదండి. రాసినరోజున పెద్దలు అశుభం మాట వద్దన్నారంట. పదవిలో ఉండగా ఎవరూ పోలేదు, ఇదే మొదలు. జోడీ తెగిందని రాయమంటారా, ఉందని రాయమంటారా? మీరు ఏదంటే అదేనండి."

మూడేళ్ళుగా ఎటూ తెగని లెక్క ఇలా నా నోటి మీదకి వచ్చి ఆగింది.

తెగిందంటే నేను స్వేచ్ఛగా వెళ్ళి మర బిల్లుకి ఓటేయొచ్చు. రెండున్నరేళ్ళు నా మూడో వరుస ఆ నీళ్ళే తాగుతుంది. లేదా పక్షం మార్చి గొట్టంవాళ్ళతో కలవొచ్చు. అదీ నెగ్గుతుంది, పద్నాలుగు, పదమూడు. కానీ ఒక్క ఓటుతో వేసిన గొట్టాన్ని, రేపు లెక్క మారగానే ఇంకో ఒక్క ఓటుతో కోసేస్తారు. పలక మీద రాసుకున్నది అది కాదు.

ఉందని రాయి అన్నాను.

పద్మనాభం గారు తల పట్టుకున్నారు. "చచ్చిపోయినాయనకి జోడీ ఏంటి రత్నం? నీకు మతి పోయిందా?"

"ఆయన ఇంకా కోలుకోలేదు కదండీ," అన్నాను. "ఇప్పుడు మీరు పదమూడు, వాళ్ళు పదమూడు. ఇద్దరూ కలిస్తేనే ఏదైనా జరుగుతుంది. నేను ఆయన దగ్గరే ఉంటాను."

రోజు 136

పోయినవాళ్ళని మేం నాచు తోటలో దించుతాం. నాగన్న గారిని ఐదో వరుస వెనకున్న తోటలో దించారు. ఆయన పట్టీ ఆయన చేతికే ఉంచమని సుభాషిణిని అడిగాను. మొదటిసారి నా ముఖం సూటిగా చూసింది. ఉంచింది. నేను నియమం ప్రకారం పది మూరల లోపు, తోట మీద, ఒక చిన్న దోనెలో కూర్చున్నాను. పలక ఒళ్ళో పెట్టుకున్నాను.

ఎండ దంచింది. గొడుగు తెచ్చుకోవాలన్న తెలివి లేకపోయింది.

రోజు 137

మా మూడో వరుస ఆడవాళ్ళు రెండు పడవల్లో వచ్చి తిట్టిపోశారు. మా ఓటు తీసుకుని సభకి పంపిస్తే, నువ్వు నీళ్ళ మీద కూర్చుని తపస్సు చేస్తున్నావా అన్నారు. పలక చదివి వినిపించాను.  వెళ్తూ ఒకావిడ గొడుగు వదిలి వెళ్ళింది, తిడుతూనే.

సాయంత్రం గొట్టంవాళ్ళ సభ్యుడొకాయన ఒంటరిగా వచ్చాడు, నాగన్న గారు నిజంగా పీకెయ్యమన్నారా అని తెలుసుకోవడానికి. దోనె చిన్నది. ఒక్కరు ఎక్కితే ఒకవైపు ఒరిగిపోతుంది. నా ఎదురుగా ఇద్దరు అటూ ఇటూ కూర్చుంటే నిలుస్తుంది. వెళ్ళి మీ జోడీని తీసుకురండి అన్నాను. గొణుక్కుంటూ వెళ్ళి, గంటలో తీసుకొచ్చాడు. వాళ్ళిద్దరూ మూడేళ్ళుగా పలకరించుకోవడం లేదు. ఒరిగిపోకుండా ఒకరి మోకాలు ఒకరు పట్టుకుని కూర్చున్నారు.

సంతకం చూపించాను. ఆ వణికిన గీత చూసి ఇద్దరూ కళ్ళు తుడుచుకున్నారు. తర్వాత తొట్లు ఎక్కడ కట్టాలన్న దాని మీద నా ఎదుటే కొట్లాడుకున్నారు. వినడానికి హాయిగా ఉంది.

రోజు 139

ఇవాళ ఐదు జోడీలు వచ్చాయి. నిన్న నాలుగు. ఒక జంట కోపంతో మధ్యలోనే లేచింది, దోనె తిరగబడింది, ముగ్గురం నీళ్ళలో పడ్డాం. పలక మునగకుండా పట్టుకున్నది పద్మనాభం గారి కుడిభుజం లాంటి మనిషి. పట్టుకున్నాక చదవక తప్పలేదు.

ముద్ర కాగితం మీద సంతకం పెట్టడానికి రెండు వైపుల నుంచీ ఒక్కొక్కరు చాలు. కేదారి లెక్క ప్రకారం ఇప్పటికి పదిహేడు మంది పెట్టారు. కాగితం చాలక వెనక్కి తిప్పారట. పద్మనాభం గారు రాలేదు. ఆయన రారు. ఆయన మీద కోపం లేదు, ఆయన్ని ఒప్పించడానికి నాకు ఇంకో ఆరు రోజుల ఆసుపత్రి కావాలి.

సుభాషిణి గంజి తెచ్చింది. దోనెకి తన పడవ కట్టి, నేను తినేంతవరకు కూర్చుంది. నాన్న మీ గురించి ఇంట్లో ఏమనేవారో తెలుసా అంది. తిట్టేవారా అన్నాను. అవునంది. ఎలా తిట్టేవారో చెప్పమని అడిగి, అన్నీ చెప్పించుకున్నాను.

రోజు 140

ఇవాళ ఓటు. నేను ఇక్కడే ఉన్నాను. సభ గంట నీళ్ళ మీదుగా వినబడింది. ఆ తర్వాత రెండు గంటలు ఏమీ లేదు. ఇన్నేళ్ళలో ఓటు జరుగుతుంటే నేను చెయ్యి ఎత్తకుండా కూర్చోవడం ఇదే మొదటిసారి. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

మధ్యాహ్నం కేదారి పడవ వచ్చింది. ఒక్కడే వచ్చాడు కాబట్టి దోనె ఎక్కనివ్వలేదు, పడవలోంచే చదవమన్నాను. గొంతు సవరించుకుని సభలో చదివినట్టే చదివాడు. మూడో వరుస నీళ్ళ బిల్లుకి అనుకూలంగా ఇరవై ఒకటి, వ్యతిరేకంగా ఐదు. అరవై మందీ ఎల్లుండి గొట్టం పనికి దిగుతారు.

బతికుంటే ఇప్పుడు కళ్ళజోడు తుడుచుకునేవాడు. కిందికి వంగి, నీళ్ళలోకి చెప్పాను: "బాబాయ్, నీళ్ళొస్తున్నాయి." 

కేదారి ఇబ్బందిగా కదిలాడు. మూడో వరుస నీళ్ళ చట్టానికి మూడో వరుస సభ్యురాలి ఓటు లేదు, ఇది ఎప్పటికీ రికార్డులో ఇలాగే ఉండిపోతుంది, తర్వాత చదివినవాళ్ళు తప్పుగా అనుకుంటారేమో, పక్కన ఏదైనా వివరణ రాయమంటారా అని అడిగాడు. వద్దన్నాను. మిగిలింది చదవమన్నాను.

"గైర్హాజరైనవారు ఇద్దరు," అని చదివాడు. "మట్టపర్తి నాగన్న, సంగాడి నూకరత్నం."

ఆ ఒక్క ముక్క మళ్ళీ చదవమన్నాను. చదివాడు. అప్పుడు ఏడ్చాను.